రెండు తలుపుల గది

ఓడలో మంచి గది ఊరికే ఇస్తామంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. ఆమెకి మాత్రం గుండె గుభేలుమంది.

సెలవు రోజు. అప్పుడే మధ్యాహ్నం భోజనాలు ముగిశాయి. బల్ల మధ్యలో ఫోను స్పీకర్‌లో పెట్టి ఉంది. అవతల మాట్లాడుతున్నది టూర్ల ఆఫీసు ఏజెంటు. ఎప్పుడూ తెల్ల టోపీ పెట్టుకుని కూర్చుంటాడని బజార్లో అందరూ అతన్ని కెప్టెన్ అంటారు. ఓడ సంగతి దేవుడెరుగు, నాటు పడవ కూడా ఎక్కిన మొహం కాదు.

"సార్, లోపలి గదులు ఉన్నవాటికంటే ఎక్కువ మందికి ఇచ్చేశారు కంపెనీవాళ్ళు. మీరు గనక ఈ నెల మానుకుని వచ్చే నెల ఓడకి మారితే, మీకు బాల్కనీ ఉన్న గది ఇస్తారట. పైసా ఎక్కువ లేదు. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా సముద్రమే! కాకపోతే సాయంత్రం నేను షట్టర్ దించేలోగా చెప్పాలి సార్. లేకపోతే వేరేవాళ్ళకి పోతుంది."

"చెప్పేదేముందయ్యా..." అని ఆమె భర్త మాట పూర్తి చేసేలోపే ఆమె చెయ్యి చాచింది.

"ఆలోచించుకుని చెప్తాం" అని ఫోను కట్ చేసేసింది.

బల్ల చుట్టూ అందరూ ఆమెనే చూశారు. భర్త, కాలేజీలో చదివే కూతురు, అత్తగారు.

"ఆలోచించడానికి ఏముందే ఇందులో?" అన్నాడు భర్త.

"వచ్చే నెల మీకు సెలవు దొరుకుతుందో లేదో..."

"వచ్చే నెల సైట్లో అంతా కింద పనే. నా క్రేన్‌కి పెద్దగా పనుండదు. ఇంకా తేలిగ్గా దొరుకుతుంది."

"పాప కాలేజీ?"

"నాకు వచ్చే నెలే నయం అమ్మా. ఈ నెలైతే రికార్డులు వెంటేసుకుని ఓడెక్కాలి" అంది కూతురు.

"మరి సముద్రపు గాలి... అత్తయ్యకి దగ్గు..."

మామూలుగా అయితే ఈపాటికి అత్తగారు గయ్యిమనాలి. నా దగ్గుని నీ పిసినారితనానికి అడ్డం పెట్టుకోకు అమ్మాయ్ అని వాయించాలి. ఇవాళెందుకో ఆవిడ పళ్ళెం పక్కకి జరిపి లేచింది.

"తల పగిలిపోతోంది. కాసేపు పడుకుంటా, నన్నెవరూ లేపకండి" అని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

భర్త నవ్వాడు. "చూశావా, నీ సాకులు విని మా అమ్మకి తలనొప్పి వచ్చింది. అసలు నువ్వు కిటికీ లేని గది బుక్ చేసినప్పుడే అనుకున్నాను. నడి సముద్రంలోకి వెళ్ళి గోడ చూస్తూ కూర్చోవాలట! బ్యాంకు లాకర్‌లో పడుకోబెడతావా మమ్మల్ని?"

"అమ్మకి తాళం వెయ్యడానికి వీలైన గదులే నచ్చుతాయి నాన్నా" అంది కూతురు.

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆమెది బజార్లో తాళంచెవులు చేసే చిన్న కొట్టు. అందరూ తాళాలావిడ అనే పిలుస్తారు. ఇంటి వీధి తలుపుకి లోపలి నుంచి కూడా తాళంచెవి పెట్టి తిప్పితే గాని తెరుచుకోని తాళం బిగించింది ఆమే. కిటికీలన్నిటికీ ఊచలు పెట్టించింది ఆమే. దొంగల భయం అని చెప్పింది. దొంగలు మన ఇంటికి వస్తే మన మీదే జాలిపడి ఏదో ఒకటి ఇచ్చి పోతారు అని భర్త వెక్కిరిస్తే అప్పుడూ ఇలాగే నవ్వింది.

కెప్టెన్ పంపిన ఫొటో ఫోనులోకి వచ్చింది. కూతురు అందరికీ చూపించింది. అద్దాల తలుపు. దాని వెనక రెండు కుర్చీలు. ఆ వెనక రెయిలింగు. రెయిలింగుకి నిలువు కమ్మీలు కావు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఇనప కమ్మీలు.

ఆమెకి ఒక్కటే తోచింది. అది రెయిలింగు కాదు, నిచ్చెన.

భర్త టవర్ క్రేన్ నడుపుతాడు. రోజూ పొద్దున్నే ఆకాశంలోకి ఇనప నిచ్చెన ఎక్కి, అద్దాల గదిలో కూర్చుని, సాయంత్రం దిగుతాడు. సైట్లో అతన్ని డేగ అంటారు. అంత ఎత్తు నుంచి కొక్కేన్ని సూది మొన మీద దించుతాడని పేరు. ఆ డేగకి తెలియని సంగతి ఒకటుంది. అతను నిద్రలో లేచి నడుస్తాడు.

కళ్ళు తెరిచే ఉంటాయి గాని చూపు ఉండదు. పిలిస్తే పలకడు. లేచాక ఏమీ గుర్తుండదు. పెళ్ళైన కొత్తలో ఒకటి రెండుసార్లు వంటింటి దాకా వెళ్ళి నిలబడితే ఆమె చెయ్యి పట్టి తీసుకొచ్చి పడుకోబెట్టింది. చెప్పి బాధపెట్టడం ఎందుకులే అనుకుంది. ఆ తర్వాత అతను క్రేన్ ఎక్కాడు. ఇక చెప్పే దారే మూసుకుపోయింది. "పైకెక్కేవాడికి తన ఒంటి మీద తనకి అనుమానం రాకూడదే" అనేవాడు అన్నం తింటూ. "వచ్చిందా, చేతులు వణుకుతాయి. ఆ రోజుతో సరి."

పైగా ఆడపడుచు మొగుడు అదే సైట్లో సేఫ్టీ ఆఫీసరు. ఇంట్లో అందరికీ సేఫ్టీ బావ. మంచివాడే గాని రూలంటే కన్నతండ్రి మీదైనా రిపోర్టు రాసే రకం. ఒక ఆపరేటరు ఒక్కసారి కళ్ళు తిరిగి పడ్డాడని కిందికి దింపేశాడు. ఆ మనిషి ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకుంటున్నాడు. ఎవరినీ తలెత్తి చూడడు.

ఇంట్లోనైతే ఫర్వాలేదు. కొత్త చోటుకి వెళ్తేనే అతనికి ఎక్కువ. పోయిన వేసవిలో ఆడపడుచు కొత్త ఫ్లాట్‌లో భోంచేసి కునుకు తీసినవాడు లేచి, వాళ్ళ బాల్కనీ గోడ మీద కాలు పెట్టాడు. చొక్కా వెనక నుంచి పట్టి లాగింది. ఆ రోజు నుంచి నిద్రలో అతను నడవడం లేదు, ఎక్కుతున్నాడు.

అందుకే ఓడ మాట రాగానే వెతికి వెతికి లోపలి గది తీసుకుంది. కిటికీ లేదు, ఒకే తలుపు. దానికి అడ్డంగా తను పడుకుంటుంది. ఒక తలుపుని కాయగలదు. రెండు తలుపులుంటే, అందులో ఒకటి సముద్రంలోకి తెరుచుకుంటే, ఎవరు కాస్తారు?

"ఒక కునుకు తీసి లేస్తా" అన్నాడు భర్త ఒళ్ళు విరుచుకుంటూ. "బావ కూడా టీకి వస్తానన్నాడు. నా సెలవు మారుతుందని ఆయనకీ ఒక మాట చెప్పి కెప్టెన్‌కి సరేనని ఫోను కొట్టేద్దాం. నువ్వు మొహం అలా పెట్టకు. ఊరికే వచ్చినదానికి కూడా ఏడిస్తే ఎలా?"

పడుకున్న కాసేపటికే గుర్రు మొదలైంది. అత్తగారి గది తలుపు మూసే ఉంది. కూతురు చెవుల్లో పాటలు పెట్టుకుని మంచం మీద బోర్లా పడుకుంది.

ఇదే సమయం అనుకుంది. తనే వెళ్ళి కెప్టెన్‌కి వద్దని చెప్పేస్తే, ఆ గది వేరేవాళ్ళకి పోతే, ఇక గొడవే లేదు. తిట్లంటావా, తిట్లు కొత్తా? చెప్పులేసుకుంది. బయటికొచ్చి వీధి తలుపుకి తాళం వేసింది. రెండుసార్లు లాగి చూసింది. మెట్లు దిగి బజారు వైపు గబగబా నడిచింది.

టూర్ల ఆఫీసు గాజు తలుపు తోయకముందే లోపలి నుంచి తెలిసిన గొంతు వినబడింది.

"నా కొడుకు ఫోను చేసినా వినకు. నా కోడలు చేసినా వినకు. బాల్కనీ వద్దంటే వద్దంతే!"

"ఎందుకమ్మా? జనం దానికోసం కొట్టుకు చస్తున్నారు" అంటున్నాడు కెప్టెన్, టోపీ సర్దుకుంటూ.

"నాకు నీళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయి."

"నీళ్ళు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు ఓడెందుకమ్మా ఎక్కడం?"

"నా ఇష్టం. నువ్వు టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చోలేదా?"

తల పగిలిపోతోందని తలుపేసుకున్న అత్తగారు. తన తాళంచెవితో ఎప్పుడు బయటికొచ్చిందో!

కోడల్ని చూసి ఆవిడ నోరు మూతపడింది. ఆమె చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది.

"నువ్వెందుకొచ్చావు?"

"మీరెందుకొచ్చారు అత్తయ్యా?"

"ముందు నేనడిగాను."

"నేనూ... వద్దని చెప్పడానికే వచ్చాను."

"ఎందుకు వద్దు?"

ఆమె నోరు విప్పలేదు. ఎన్నేళ్ళుగానో బిగించిన తాళం అది.  జనం వాళ్ళని తప్పించుకుని నడుస్తున్నారు. ఎదురు కొట్టువాడు ఇవాళ అత్తాకోడళ్ళు నడి వీధిలో మొదలెట్టారన్నట్టు చూస్తున్నాడు.

చివరికి అత్తగారే గొంతు తగ్గించి అడిగింది. "వాడు... ఇంకా లేస్తున్నాడా?"

 "మీకు... తెలుసా?"

"కన్నదాన్ని, తెలియకపోవడమేంటి? చిన్నప్పుడు వాడి చొక్కా అంచు నా వేలికి కట్టుకుని పడుకునేదాన్ని. పెళ్ళైతే పోతుందన్నారు. పోయిందనుకుందామంటే నమ్మకం లేదు. అందుకేగా, వద్దన్నా వినకుండా రాత్రిళ్ళు హాల్లో వీధి తలుపుకి అడ్డంగా మంచం వేసుకునేది?"

ఆ మంచం గురించి ఆ ఇంట్లో జరగని గొడవ లేదు. నా మీద కాపలా కాస్తోంది మీ అమ్మ అని ఆమె ఎన్నిసార్లు భర్త దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుందో!

"పెళ్ళికి ముందు నాకొక్క మాట చెప్పకూడదా?"

"చెబితే చేసుకునేదానివా?" అని, మళ్ళీ తనే, "నువ్వు మాత్రం నాకు చెప్పావా? నా కొడుకుని వెర్రివాడంటావేమోనని నేను, వాడిలో లోపముందంటే నేను ఊరుకోనేమోనని నువ్వు. సరిపోయాం ఇద్దరికిద్దరం" అంది అత్తగారు. అంతలోనే ఆవిడ మొహం మారింది. "ఉండు ఉండు. వాడేం చేస్తున్నాడిప్పుడు?"

"పడుకున్నారు."

"ఇంట్లో నువ్వున్నావు కదా అనే నేను బయటికొచ్చాను!"

"తాళం వేసే వచ్చాను అత్తయ్యా. రెండుసార్లు..." అంటూనే ఆగిపోయింది. టీకి వస్తానన్న సేఫ్టీ బావ. గంట కొడతాడు. కూతురి సంచీలో ఇంకో తాళంచెవి. తనే చేసిచ్చింది, తన చేతులతో.

ఇద్దరూ ఒకేసారి కదిలారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. బజారుకి రమ్మంటే బండి పిలవమనే మనిషి. ఇప్పుడు కోడలి భుజం పట్టుకుని కుంటుతూనే పరుగు. "నా కోసం ఆగకు, పో! నువ్వు పో!" అని రొప్పుతూ తోసింది. ఆమె వెనక్కి చూడకుండా పరిగెత్తింది. కూరగాయల బుట్ట ఎవరిదో తగిలి దొర్లింది. తిట్టారు. వినిపించుకోలేదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

పై అంతస్తు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

సేఫ్టీ బావ సోఫాలో కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. వంటింట్లో కూతురు టీ పెడుతోంది.

"ఏం చెల్లెమ్మా, ఓడ గురించి గొడవపడ్డారా ఇద్దరూ?" అన్నాడు బావ. "ఇప్పుడే పైకి పోయాడు మీ ఆయన. పలకరిస్తే పలకలేదు. మొహం కూడా చూడలేదు. అలా పోతూనే ఉన్నాడు. నేనేం చేశానమ్మా మధ్యలో?"

 ఆమె టెర్రస్ మెట్ల వైపు దూకింది.

టెర్రస్ చివర సిమెంటు స్తంభాల మీద నీళ్ళ ట్యాంకు. దానికి ఇనప నిచ్చెన. చెప్పుల్లేకుండా, బనీను మీద, అతను నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి ట్యాంకు అంచు మీద. రెండో చెయ్యి పైకి లేచి, ఇంకా ఉందనుకున్న మెట్టు కోసం గాలిలో వెతుకుతోంది. అతని వెనక పిట్టగోడ. దాని అవతల వీధి.

క్రేన్ నిచ్చెన ఇంకా చాలా పొడుగు. నిద్రలో అతను ఎక్కుతున్నది దాన్నే, ఇంకా సగంలోనే ఉన్నాడు.

వెనకాలే సేఫ్టీ బావ వచ్చాడు. "ఏంటిది? ఒరేయ్..." అని అరవబోయాడు. ఆమె గిర్రున తిరిగి అతని నోటి మీద చెయ్యి వేసింది. వరసా మర్యాదా ఆ క్షణంలో ఏవీ గుర్తు లేవు. పిలిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే వెనక్కి పడతాడు. ఎక్కి పట్టుకుందామంటే నిచ్చెన కదులుతుంది.

గాలిలో చెయ్యి ఇంకొంచెం పైకి లేచింది. మడమ మెట్టు మీద నుంచి లేచింది.

 పిలవకూడదు. ఊరుకోకూడదు. మరి ఎవరి మాట వింటాడు ఈ మనిషి, అంత ఎత్తులో? రోజంతా అక్కడ అతనికి వినబడేది ఒక్కటే గొంతు. కింద నుంచి రేడియోలో సూచనలు చెప్పే మనిషిది. పని ముగిసే వేళ ఆ మనిషి ఏమంటాడో ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. కూతురు చిన్నప్పుడు అలా అని ఆడుకునేది కూడా.

అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. గొంతు బొంగురు చేసింది.

"డేగా, డేగా. కొక్కెం పైకి తీసెయ్. పని బంద్. దిగొచ్చు."

చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఏమీ జరగలేదు. కింద వీధిలో ఎవరో హారన్ కొట్టారు.  ఆమె మళ్ళీ అంది, ఇంకా నిదానంగా, రోజూ అనే మనిషికి ఉండే విసుగుతో సహా. "డేగా. వినబడుతోందా? పని బంద్. దిగొచ్చు."

"దిగుతున్నా" అన్నాడతను నిద్రలోనే.

ఒక కాలు కింది మెట్టు వెతుక్కుంది. తర్వాత రెండోది. ఆఖరి మెట్టు దిగి పాదం సిమెంటు మీద పెట్టగానే ఆమె రెండు చేతులా వాటేసుకుని కూలబడింది. అతనూ కూలబడ్డాడు. అప్పుడు మెలకువ వచ్చింది.

"ఏంటే... ఎక్కడున్నాం?" అన్నాడు. తుప్పు మరకలంటిన తన అరచేతుల్ని చూసుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ బావని చూశాడు. బావ వెనక రొప్పుతూ వచ్చిన తల్లిని, ఆవిణ్ణి పట్టుకున్న కూతుర్ని చూశాడు. "నేనెప్పుడొచ్చాను ఇక్కడికి?"

"నేనే పంపానురా" అంది అత్తగారు ఊపిరి అందకుండానే. "ట్యాంకులో నీళ్ళున్నాయో లేదో చూడమని. నిద్ర మత్తులో మర్చిపోయావు."

ఎంత నున్నగా వచ్చిందో ఆ అబద్ధం! ఆమె నాలిక చివర కూడా అదే ఉంది. ఊ కొడితే చాలు. అతను నమ్ముతాడు. బావ నమ్మినా నమ్మకపోయినా అత్తగారి మాట కాదనలేడు. రేపు పొద్దున డేగ మళ్ళీ నిచ్చెన ఎక్కుతాడు.

అతని మడమ గాలిలో లేచిన దృశ్యం ఆమె కళ్ళ ముందు నుంచి పోలేదు. ఇవాళ ఒక్క టీ తాగేంత ఆలస్యమైతే?

"కాదు" అంది.  "మీరు నిద్రలో నడుస్తారండీ. పెళ్ళైనప్పటి నుంచీ నాకు తెలుసు. అత్తయ్యకి మీ చిన్నప్పటి నుంచీ తెలుసు. మీకే తెలియదు. ఇప్పుడు ఎక్కడం కూడా మొదలైంది. బాల్కనీ గది వద్దన్నది డబ్బు గురించి కాదు, దేని గురించీ కాదు. అందులోంచి మీరు సముద్రంలోకి ఎక్కేస్తారని."

కూతురు "అమ్మా!" అంది. 

అతను చాలాసేపు అరచేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె అతని వేళ్ళని చూస్తోంది. సూది మొన మీద కొక్కెం దించే వేళ్ళు. సన్నగా వణుకుతున్నాయి. ఇన్నేళ్ళూ ఏది చూడకూడదనుకుందో అదే చూస్తోంది. తన నోటితో తనే తెచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి. కోపంగా అని ఉంటే బాగుండేది.

"పైన ఉన్నప్పుడు భయపడతారని."

అతను తలెత్తి బావని చూశాడు. సేఫ్టీ బావ చొక్కా జేబులోంచి ఫోను తీశాడు, మళ్ళీ లోపల పెట్టాడు. ఇలా ఏం చెయ్యాలో తెలియని మొహంతో ఆయన్ని ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"నేను ఆలస్యంగా వచ్చాననుకో, ఏదీ చూడలేదనుకో" అన్నాడు బావ నేలకేసి చూస్తూ.

"వద్దు బావా. రేపు నా క్రేన్ మీదకి ఇంకొకణ్ణి పంపు."

"ఆలోచించుకో. ఒకసారి రిపోర్టు రాస్తే నా చేతిలో ఉండదు. డాక్టర్లు చూస్తారు. సరేనంటే మళ్ళీ ఎక్కుతావు. అనకపోతే..."

"అనకపోతే ఆ గేటు దగ్గరివాడి పక్కన ఇంకో కుర్చీ వేయించు" అన్నాడతను. ఎవరికీ నవ్వు రాలేదు. "నా కొక్కెం కింద మనుషులు పనిచేస్తారు బావా. రాయి."

అత్తగారు ముక్కు చీదుకుంటూ గోడవైపు తిరిగింది.

అప్పుడే కూతురి చేతిలోని ఫోను మోగింది. కెప్టెన్. తండ్రి చెయ్యి చాచాడు. కూతురు స్పీకర్ నొక్కి ఇచ్చింది.

"సార్, షట్టర్ దించేస్తున్నా. ఇందాక మీ ఇంటి ఆడవాళ్ళిద్దరూ వచ్చి నా ఆఫీసు ముందే కొట్టుకుని వెళ్ళారు. నాకేం అర్థం కాలేదు. ఇంతకీ బాల్కనీ గది ఖాయం చెయ్యమంటారా, వద్దంటారా?"

"వద్దు. ఈ నెల ఓడకే వస్తాం. ముందు తీసుకున్న లోపలి గదే."

"అదేంటి సార్! కిటికీ కూడా లేదందులో. ఊరికే ఇస్తుంటే వద్దనేవాళ్ళని నా సర్వీసులో చూడలేదు. మీ ఆవిడ వద్దన్నారా? ఆవిడకి నేను చెప్తాను, ఒకసారి ఫోనివ్వండి."

అతను ఆమెని చూశాడు. ఆమె కళ్ళు దించుకుంది. అలవాటైన నింద, ఎన్నోసార్లు మోసిన నింద. ఇంకోసారి మోయడానికి సిద్ధపడింది.

"మా ఆవిడకి కాదయ్యా, నాకే" అన్నాడతను.  నోటికి అలవాటు లేని మాటని వెతుక్కుంటున్నట్టు ఆగాడు. "నేను నిద్రలో లేచి నడుస్తాను. ఒకే తలుపున్న గది ఇవ్వు."

 "అలాగే సార్" అన్నాడు కెప్టెన్ మెల్లగా, "ఒక తలుపు గదే. రాసుకున్నాను."

సేఫ్టీ బావ కూడా తన ఫోను తీసి సైటుకి రాయడం మొదలుపెట్టాడు. అతను లేచి, ఆమెకి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని లేచింది.